నెత్తిన విమానం – నేల మీద గుర్రం

ముందుగా ఒక సంగతి ఒప్పేసుకుంటాను. ఈ వ్యాసం రాయడానికి నాకున్న అర్హత జంతుశాస్త్రంలో వచ్చిన మార్కులు కాదు. కిందటేడు సెలవుల్లో ఒక పోనీ తాడు పట్టుకుని నిలబడి, నా తెలివితక్కువతనం వల్ల దాన్ని చేజార్చుకున్నాను. అదే నా అర్హత.

మా బంధువుల ఊరు సముద్రం ఒడ్డున. సాయంత్రమయ్యేసరికి అక్కడ ఇసుకలో పిల్లల్ని గుర్రాలెక్కించి తిప్పుతుంటారు. ఒక తాత దగ్గర రెండున్నాయి. ఒకటి ముసలి తెల్ల గుర్రం. రెండోది అప్పుడే కొత్తగా కొనుక్కొచ్చిన ఎర్ర పోనీ. తాత టీ తాగడానికి వెళ్తూ "ఒక్క నిమిషం పట్టుకో బాబూ" అని ఎర్రదాని తాడు నా చేతికిచ్చాడు. జీను మీద ఎనిమిదేళ్ల కుర్రాడు కూర్చుని వాళ్లమ్మ కేసి చెయ్యి ఊపుతున్నాడు. ఇంతలో సరుగుడు తోపు వెనకనుంచి ఒక హెలికాప్టరు బాగా కిందుగా వచ్చి మా నెత్తి మీదుగా సముద్రం మీదికి పోయింది.

నేను చేసిన పని చెబుతాను. తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, బలమంతా పెట్టి కిందికి లాగాను. పోనీ ముందుకాళ్లు పైకెత్తింది. నా అరచేతి తోలు ఊడింది. అది నూరు గజాలు పరిగెత్తింది. కుర్రాడు తడి ఇసుకలో పడ్డాడు గనక సరిపోయింది గాని, మణికట్టు విరిగింది. ఆ పక్కనే తెల్ల గుర్రం ఏం చేసిందనుకున్నారు? తల ఎత్తి, రెండు చెవులూ నిక్కబొడిచి, ఒక్కసారి గట్టిగా ముక్కుతో ఊది, మళ్లీ గడ్డి నమలడం మొదలుపెట్టింది.

ఒకే హెలికాప్టరు, ఒకే ఇసుక, రెండు గుర్రాలు. ఈ తేడా ఏమిటన్నది నన్ను వదల్లేదు. లైబ్రరీలో కూర్చున్నాను, మేష్టార్లను విసిగించాను. దొరికింది ఇక్కడ రాస్తున్నాను.

కథల్లో గుర్రం మహావీరుడు. రాణా ప్రతాపుడి చేతక్ గుర్తుంది కదా. మన దేశంలో తయారైన ఒక హెలికాప్టరుకు ఆ పేరే పెట్టారు. హైదరాబాదు పక్కన హకీంపేటలో ఎందరో పైలట్లు ఆ చేతక్‌ల మీదే పని నేర్చుకున్నారు. గుర్రం పేరు పెట్టిన యంత్రం గుర్రాన్నే బెదరగొట్టడం తమాషాగా ఉంటుంది గాని, జంతుశాస్త్రం ప్రకారం చూస్తే అందులో వింతేమీ లేదు. గుర్రం కొమ్ములు లేని, కోరలు లేని, గడ్డి తినే మైదానపు జంతువు. లక్షల ఏళ్లుగా దాన్ని బతికించింది పోరాటం కాదు, పరుగు. ఏదో చప్పుడైంది, అది పులో గాలికి ఊగిన పొదో తెలీదు. తేల్చుకున్నాక పరిగెడదామని ఆగిన గుర్రం సంతానం మిగల్లేదు. ముందు పరిగెత్తి తర్వాత వెనక్కి తిరిగి చూసినవాటి సంతానమే ఇప్పుడు మనకున్న గుర్రాలు. దాన్ని పిరికితనమనడం మన పొగరు.

ఇక దాని చెవుల సంగతి. మన చెవికి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకు వినిపిస్తాయని ఇంటర్లోనే చదువుకున్నాం. గుర్రం చెవికి 55 దగ్గర మొదలై 33,500 దాకా వెళుతుందని 1980ల్లో అమెరికాలో హెఫ్నర్ దంపతులు కొలిచి చెప్పారు. అంటే బాగా లోతైన గుడగుడ శబ్దం మనకంటే దానికి తక్కువే వినపడుతుంది, కీచుమనే శబ్దం మాత్రం మనకు అందనిది కూడా దానికి అందుతుంది. జెట్ ఇంజను ఈల, బెలూన్లో గ్యాసు మంట బుస్సుమనే చప్పుడు మనం విన్నట్టుగా అది వినదన్నమాట. చెవిని అటూ ఇటూ సగం చుట్టు తిప్పగలదు, ఒక్కో చెవిని ఒక్కో దిక్కుకు తిప్పగలదు.

ఇంత మంచి చెవికి ఒక పెద్ద లోటుంది. శబ్దం ఎటునుంచి వస్తోందో గుర్తించడంలో గుర్రం చాలా మొద్దు. మనుషులు ఒక డిగ్రీ తేడాను కూడా పసిగడతారు. గుర్రానికి సుమారు 25 డిగ్రీల తేడా ఉంటే గాని తెలియదని అదే దంపతుల ప్రయోగాల్లో తేలింది. క్లాసులో వెనకబెంచీ వాడు పిల్లికూత కూస్తే మేష్టారు వెంటనే ఆ మూలకి చూడగలరు. గుర్రమే మేష్టారైతే సగం క్లాసును నిలబెట్టేది. గడ్డి మైదానంలో ఈ లోటు పెద్ద ఇబ్బంది కాదు. చెవి హెచ్చరిస్తుంది, తల ఎత్తితే మిగతా పని కన్ను చేస్తుంది. కాని శబ్దం పైనుంచి వస్తే?

అక్కడ కన్ను కూడా చేతులెత్తేస్తుంది. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ముక్కు ముందర కొంచెం, సరిగ్గా వెనక కొంచెం వదిలేస్తే దాదాపు చుట్టూ చూడగలదు, సుమారు 350 డిగ్రీలు. కనుపాప అడ్డంగా ఉంటుంది. లోపల రెటీనాలో చూపు స్పష్టంగా ఉండే భాగం కూడా అడ్డంగా పట్టీలాగే ఉంటుంది. అంటే దాని కన్ను తయారైందే నేల, నింగి కలిసే గీతను కాపలా కాయడానికి. శత్రువు వచ్చేది అక్కణ్నుంచే గదా. నడినెత్తి మీద ఏముందో చూడాలంటే తల బాగా పైకెత్తాలి. ఎత్తనివ్వకుండా మనం కళ్లెం బిగించి పట్టుకుంటాం. నేను చేసింది సరిగ్గా అదే. ఏదో భయంకరమైనది వస్తోందని చెవి చెబుతోంది, ఎటునుంచో చెవి చెప్పలేకపోతోంది, కన్ను చూడబోతే తాడు లాగుతోంది. ఆ క్షణాన పోనీకి తెలిసిన ఒకే ఒక కచ్చితమైన విషయం ఏమిటంటే, నోటి దగ్గర ఎవడో దాన్ని పట్టేశాడు. పులి కూడా పట్టుకునేది అక్కడే.

శబ్దం ఎంత గట్టిదన్నదే ముఖ్యమని మనం అనుకుంటాం. నిజానికి ఎంత హఠాత్తుగా పెరిగిందన్నది అంతకంటే ముఖ్యం. చిన్న లెక్క వేద్దాం. యుద్ధ విమానం తక్కువ ఎత్తున సాధారణంగా గంటకు 780 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 217 మీటర్లు పోతుంది. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. ఎదురుగా అరకిలోమీటరు దూరంలో కొండ ఉంది, దాని వెనకనుంచి విమానం బయటపడిందనుకోండి. దాని చప్పుడు గుర్రం దగ్గరికి రావడానికి సెకనున్నర, విమానం రావడానికి రెండు సెకన్ల మూడు పదులవంతు. మధ్యలో ఉన్నది ముప్పాతిక సెకను పైచిలుకు. అంతే. ఆ లోపల నిశ్శబ్దం నుంచి చెవులు చిల్లులుపడే మోత దాకా శబ్దం పెరిగిపోతుంది. హెలికాప్టరు అలా కాదు. సెకనుకు 60 మీటర్ల చొప్పున వచ్చేదైతే రెండు కిలోమీటర్ల దూరంనుంచే వినపడుతుంది, అరనిమిషం దాకా వ్యవధి ఉంటుంది. కాని మధ్యలో తోపో గుట్టో అడ్డుంటే ఆ వ్యవధి హరించుకుపోతుంది, మా సరుగుడు తోపు దగ్గర జరిగినట్టు. పైగా జెట్ ఒక్క క్షణంలో దాటిపోతుంది. హెలికాప్టరు వదలదు, తిరుగుతుంది, ఆగుతుంది, గాలి కొట్టి ఇసుక లేపుతుంది, తుప్పల్ని ఊపుతుంది. చెవికీ కంటికీ చర్మానికీ ఒకేసారి పని పెడుతుంది.

హఠాత్తు శబ్దానికి మొదట వచ్చేది భయం కూడా కాదు, ఉలికిపాటు. అది ఆలోచన దాకా పోదు. మెదడు అడుగు భాగంనుంచే కండరాలకు ఆజ్ఞ వెళ్లిపోతుంది. పక్కవాడు కాగితం సంచి ఊది పగలగొడితే మనమూ అంతే గదా, "ఇది సంచే" అని తెలిసేలోపల భుజాలు ఎగిరి ఉంటాయి. ఆ తర్వాత వచ్చేది అసలు భయం. అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకుంటుంది, పూర్తి పరుగులో 220 దాటుతుంది. ఇంకో విచిత్రం ఉంది. గుర్రం ప్లీహంలో ఎర్ర రక్తకణాలు పెద్ద నిల్వగా ఉంటాయి. అడ్రినలిన్ తగలగానే ప్లీహం ముడుచుకుని ఆ నిల్వనంతా రక్తంలోకి చిమ్ముతుంది. రక్తంలో కణాల పాలు నూటికి నలభై నుంచి అరవై పైకి పోతుంది. మనం రక్తం ఎక్కించుకోవడానికి ఆస్పత్రికి పోతాం, అది తనకు తానే ఎక్కించుకుంటుంది. అందుకే బెదిరిన గుర్రం అంత బలంగా పరిగెడుతుంది. విమానం పోయి ఐదు నిమిషాలైనా దాని ఒళ్లు ఇంకా పరుగుకు సిద్ధంగానే ఉండడానికి కారణం కూడా అదే. "పోయింది కదా, పద" అని అప్పుడే అదిలించడం తప్పు.

ఈ సమస్యను దేశం మొత్తం మీద పడనిచ్చి, దానితో బతకడం నేర్చుకున్నది బ్రిటన్. అక్కడ 1979 నుంచి మొత్తం దేశాన్ని సైనిక విమానాలు కిందుగా ఎగిరే శిక్షణకు వాడుకునే పద్ధతి పెట్టారు. అంతకు ముందు కొన్ని నిర్ణీతమైన దారులుండేవి. రాడారుకు దొరక్కుండా కొండల సందుల్లో పోవడం ఆనాటి యుద్ధవిద్య. జెట్లు మామూలుగా 250 అడుగుల దాకా దిగవచ్చు. మధ్య వేల్స్‌లోను, ఉత్తర స్కాట్లాండులోను, ఇంగ్లండు స్కాట్లాండు సరిహద్దులోను ప్రత్యేకించిన చోట్ల 100 అడుగుల దాకా దిగవచ్చు. హెలికాప్టర్లు ఇంకా కిందికి కూడా వస్తాయి. పట్నాలను తప్పించుకుని పోవాలని నియమం. పట్నాలను తప్పిస్తే మిగిలేది పల్లె. ఆ దేశంలో గుర్రాలుండేది పల్లెల్లోనే. స్వారీకి పోయేవాళ్లు వాడేవీ పొలాల మధ్య సన్నని దారులే. అంటే నియమం పెట్టి మరీ ఇద్దర్నీ ఒకచోట చేర్చినట్టయింది. పట్నవాసి నిద్రకున్న విలువ పల్లెటూరి గుర్రం వెన్నెముకకు లేదా అని నాలాంటి వాడికి అనిపిస్తుంది గాని, పైలట్లు ఎక్కడో ఒకచోట నేర్చుకోక తప్పదు కదా అని అటువాళ్ల జవాబు. అదీ కొట్టిపారేయలేం.

2003లో లింకన్‌షైర్‌లో ఒకావిడ గుర్రం మీద వెళుతోంది. చినూక్ అనే రెండు రెక్కల చక్రాల పెద్ద హెలికాప్టరు కిందుగా పోయింది. గుర్రం బెదిరింది, ఆమె కిందపడి ప్రాణం పోగొట్టుకుంది. ఈ మరణం తర్వాత బ్రిటన్ రక్షణశాఖలో, బ్రిటిష్ హార్స్ సొసైటీలో కదలిక వచ్చింది. హెలికాప్టర్లు ఎక్కడ ఎగరబోతున్నాయో స్వారీకి బయల్దేరేముందు ఫోను చేసి తెలుసుకునే ఏర్పాటు చేశారు. మెరిసే పసుపు, నారింజ రంగు చొక్కాలు వేసుకోమని గట్టిగా ప్రచారం చేశారు.

ఈ చొక్కా ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. గుర్రానికి ఎరుపు, నారింజ మనకు కనిపించినట్టు కనిపించవు. దాని కంటికి తెలిసేవి ముఖ్యంగా నీలం, పసుపు తరహాలే. అయితే చొక్కా గుర్రం కోసం కాదు, పైలట్ కోసం. ఆకుపచ్చ కంచెల మధ్య గోధుమరంగు గుర్రం, దాని మీద ముదురు కోటు వేసుకున్న మనిషి పైనుంచి మట్టిలో మట్టిలా కలిసిపోతారు. కిలోమీటరు దూరంలో కనపడితే జెట్ పైలట్‌కు నాలుగున్నర సెకన్ల వ్యవధి, కొద్దిగా పక్కకు ఒరగడానికి చాలు. రెండొందల మీటర్లలో కనపడితే సెకను కూడా లేదు. చూసి కూడా కావాలని గుర్రం మీదుగా పోయే పైలట్ అరుదు. చూడకపోవడంతోనే అసలు చిక్కు.

మరి గుర్రాలు ఎప్పటికీ ఇంతేనా? 1991లో ఫ్లారిడా విశ్వవిద్యాలయం వాళ్లు అమెరికా వైమానికదళం కోసం ఒక పరిశీలన చేశారు. చూలుతో ఉన్న ఆడగుర్రాలకు ఎఫ్–14 జెట్ మోత వినిపించారు. మొదటిసారి గెంతాయి, గుండె వేగం పెరిగింది, రక్తంలో ఒత్తిడి హార్మోను కార్టిసోల్ పెరిగింది. కాని వినిపించిన కొద్దీ ఆందోళన తగ్గుతూ వచ్చింది. ఈనడంలో మామూలు గుర్రాలకూ వీటికీ తేడా కనిపించలేదు. చూలు గుర్రం విమానం మోతకు ఈచుకుపోతుందని రైతులు పెట్టుకున్న భయానికి ఇది కొంత ఊరట. శబ్దం వల్ల నేరుగా కలిగే హాని కంటే, పరుగులో ముళ్లతీగ మీద పడడం, రోడ్డు మీదికి రావడం, మనిషిని తొక్కడం వల్ల కలిగే హానే ఎక్కువ.

ఇంగ్లండు దక్షిణాన న్యూ ఫారెస్ట్ అనే పెద్ద అడవి, బీడు ఉంది. అక్కడి పోనీలు తరతరాలుగా విచ్చలవిడిగా మేస్తుంటాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఆ ప్రాంతంలో పన్నెండు విమాన స్థావరాలు లేచాయి. యుద్ధం ముగిసింది, విమానాలు పోయాయి. స్టోనీ క్రాస్, బ్యూలీ స్థావరాలున్న నేల మీద ఇప్పటికీ పోనీలే మేస్తున్నాయి. అంతకుముందు, 1904–05లో రైట్ సోదరులు విమానం నడపడం బాగా నేర్చుకున్నది డేటన్ దగ్గర హఫ్‌మన్ ప్రెయిరీ అనే పచ్చికబీడులో. ఎగిరేముందు ఆవుల్నీ గుర్రాల్నీ పక్కకు తోలుకోవాలి, అదీ ఆ బీడు సొంతదారు పెట్టిన షరతు. ఇంకా వెనక్కి పోతే, 1783 ఆగస్టులో పారిస్ నుంచి వదిలిన హైడ్రోజన్ బెలూన్ గోనెస్ అనే పల్లెలో దిగితే, జనం దయ్యమనుకుని పంగలకర్రలతో పొడిచి, గుర్రం తోకకు కట్టి ఈడ్పించారని చెబుతారు. ఆ రోజు బెదిరింది గుర్రం కాదు, మనుషులు!

అన్నీ ఇలా నవ్వుకునేవి కావు. 1918 సెప్టెంబరు 21న పాలస్తీనాలో, వాదీ ఫారా అనే ఇరుకు లోయలో, వెనక్కి పోతున్న తుర్కీ సైన్యం మీద బ్రిటిష్, ఆస్ట్రేలియన్ విమానాలు బాంబులు, తూటాలు కురిపించాయి. ఫిరంగులు, బండ్లు దారికడ్డం పడ్డాయి. లాగే పశువులకు అటు కొండ, ఇటు లోయ. పరుగే ఆయుధమైన జంతువును బండికి కట్టి, పారిపోయే చోటు లేకుండా చేస్తే ఏమవుతుందో అక్కడ కనిపించింది. ఆ దండయాత్రలో ఇంకో వైపు స్వారీ చేసిన దళాల్లో మన హైదరాబాదు లాన్సర్లు కూడా ఉన్నారు.

అలవాటంటే అన్నిటికీ పనికొచ్చే తాయెత్తు కాదు. దేనికి అలవాటైతే దానికే. లండన్‌లో రాజుగారి అశ్విక దళం గుర్రాలు బ్యాండు మేళాలకు, జెండాలకు, ఫిరంగి మోతకు, జనం కేకలకు తర్ఫీదు పొందినవి. 2024 ఏప్రిల్ 24న పొద్దున్నే వాటిని వీధుల్లో నడిపిస్తుండగా, కట్టడం జరుగుతున్న చోట పైనుంచి రాళ్లూ రబ్బిషూ పక్కనే దబ్బున పడింది. అంత తర్ఫీదున్న గుర్రాలే రౌతుల్ని పడేసి నగరం మధ్యనుంచి పరిగెత్తి, వాహనాలకు గుద్దుకుని రక్తం కార్చాయి. అవి పెద్ద శబ్దాలెన్నో విన్నాయి. ఈ శబ్దాన్ని, ఈ చోట, ఇలా పైనుంచి పడగా మాత్రం వినలేదు. జెట్లకు అలవాటైన పోనీ గాలిబెలూను చూసి పిచ్చెత్తినట్టు పరిగెత్తడానికి కారణం కూడా ఇదే. బెలూను నిశ్శబ్దంగా వస్తుంది, చెట్టు మీదుగా హఠాత్తుగా పైకి తేలుతుంది, అప్పుడు బుస్సుమంటుంది.

అలవాటు చేసే పద్ధతి మీద డెన్మార్కులో మంచి ప్రయోగం ఒకటి 2006లో అచ్చయింది. రెండేళ్ల మగ గుర్రాలు 27 తీసుకుని, ఊగే తెల్ల నైలాన్ సంచి అంటే వాటికున్న భయం పోగొట్టడానికి మూడు దారులు ప్రయత్నించారు. కొన్నిటికి సంచిని ఒక్కసారిగా పూర్తిగా చూపి అలవాటయ్యేదాకా ఉంచారు. కొన్నిటికి సంచితో పాటు మేత పెట్టారు. కొన్నిటికి కొంచెం కొంచెంగా, దూరంనుంచి దగ్గరికి, మెల్లగా పరిచయం చేశారు. ఈ మూడోదే నెగ్గింది. ఆ గుంపులో ప్రతి గుర్రమూ భయం వదిలింది, మిగతా రెండు గుంపుల్లో వదలనివి మిగిలిపోయాయి. మనవాళ్లు ఈత నేర్పడానికి నూతిలో తోసే పద్ధతికీ, నడుముకు బెండు కట్టి దింపే పద్ధతికీ ఉన్న తేడాయే.

అదే బృందం ఇంకో సంగతి చూపింది. భయం తెలియని నిమ్మళమైన గుర్రం పక్కనుంటే కొత్త గుర్రం గుండె వేగం తక్కువగా పెరుగుతుంది. ఒకటి పరిగెత్తితే మందంతా పరిగెత్తినట్టే, ఒకటి నిలబడితే పక్కది కూడా కొంత నిలబడుతుంది.

నాకు బాగా తగిలింది మాత్రం స్వీడన్ ప్రయోగం, 2009 నాటిది. మనుషులు గుర్రాన్ని పట్టుకుని ఒకచోటినుంచి ఇంకోచోటికి నాలుగుసార్లు నడిపించాలి. నాలుగోసారి ముందర "ఇప్పుడు దారిలో గొడుగు టప్పున తెరుస్తాం" అని ఆ మనుషులకు చెప్పారు. తెరవలేదు. అసలు ఏమీ జరగలేదు. కాని మనుషుల గుండె వేగమూ పెరిగింది, గుర్రం గుండె వేగమూ పెరిగింది! గొడుగు మాట గుర్రానికి ఎవరూ చెప్పలేదు కదా. తాడు పట్టుకున్న చెయ్యి చెప్పింది.

ఇది చదివాక ఆ సాయంత్రాన్ని ఇంకోసారి తలుచుకున్నాను. హెలికాప్టరు మోత వినగానే ఒళ్లు బిగదీసుకున్నది ముందు పోనీ కాదేమో. నేనేనేమో.

కాబట్టి, ఎవరైనా గుర్రం పట్టుకుని ఉండగా పైన ఏదైనా వస్తే, అనుభవజ్ఞులు చెప్పేది ఇది. తాడు చేతికి చుట్టకండి, గుంజకు కట్టేయకండి. తల ఎత్తి చూడనివ్వండి, వీలైతే శబ్దం వచ్చే దిక్కుకు మొహం తిప్పండి. రెండు పగ్గాలూ కలిపి లాగితే అది ముందుకే తోసుకుపోతుంది. ఒక పక్క పగ్గం మెల్లగా లాగి గుండ్రంగా తిప్పితే పరుగు చక్రంలా మారి జోరు తగ్గుతుంది. మాట్లాడుతూ ఉండండి, మాటల కోసం కాదు, మాట్లాడుతున్నవాడు ఊపిరి బిగబట్టలేడు గనక. చిన్నపిల్లలు మీదున్నప్పుడు దూరాన చప్పుడు వినపడగానే దింపేయడం మేలు. పొలంలో విడిచిపెట్టిన గుర్రాన్ని అప్పుడు పట్టుకోబోవద్దు, దాని మానాన అది తిరిగి ఆగుతుంది. ముళ్లతీగ బదులు కంటికి కనపడే కంచె ఉంటే చాలు.

మన ఊళ్లలో జెట్ల బాధ అంత లేదనుకోవచ్చు. జట్కాలు దాదాపు పోయాయి. మిగిలిన గుర్రాలు పెళ్లి ఊరేగింపులో, బీచిలో, మలక్‌పేట రేసుల్లో, హైదరాబాదు పోలీసు అకాడమీలో ఐపీఎస్ వాళ్లకు స్వారీ నేర్పేచోట కనిపిస్తాయి. కాని పెళ్లి ఊరేగింపుల్లో ఇప్పుడు కొత్త పక్షి వచ్చింది కదా, డ్రోను. పెళ్లికొడుకు గుర్రమెక్కాడు, చుట్టూ బాణసంచా, డీజే, జనం. వాటికి అలవాటైన గుర్రమే. ఫొటోగ్రాఫరు తలపాగా దగ్గరనుంచి తియ్యాలని డ్రోనును గుర్రం చెవుల మీదికి దింపుతాడు. అది కందిరీగల తుట్టెలా కీచుమంటుంది, ఇందాక చెప్పిన సన్నని శబ్దాలు అందులో ఎన్నో ఉన్నాయి. పైగా అది ఒకచోట ఆగదు, వెనక్కి పోతుంది, మళ్లీ తలమీదికి వస్తుంది. మీద ఉన్నవాడికి స్వారీ రాదు, కత్తి పట్టుకుని ఉన్నాడు, పూలదండలు కళ్లకడ్డం. పక్కన ఆడుతున్న పిల్లలు. ఈ ఏడు మన సంచిక చదివే మిత్రుల్లో కొందరైనా పెళ్లిపీటలెక్కుతారు గనక చెబుతున్నాను, డ్రోను వాడిని నాలుగు ఇళ్ల అవతల ఉండమనండి. ఫొటోకు జూమ్ ఎలాగూ ఉంది.

కుర్రాడి మణికట్టు ఆరు వారాల్లో అతుక్కుంది. వాళ్ల నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు, దాంతో ఇంకా బాధనిపించింది. తాతకు మాత్రం నష్టమే. వారం రోజులు ఎర్రదాని మీద ఎవరూ పిల్లల్ని ఎక్కించలేదు. "అమ్మేస్తావా తాతా?" అని అడిగాను. "అమ్మితే కొన్నోడి కాడ బెదరదా ఏటి?" అన్నాడు.

సంక్రాంతి సెలవులకు మళ్లీ వెళ్లాను. ఎర్రదాన్ని తెల్లదాని పక్కన, తాడు వదులుగా పెట్టి నిలబెడుతున్నాడు. జీను లేదు, పిల్లలు లేరు. నేను నా ఫోనులో హెలికాప్టరు చప్పుడు దించుకుని తీసుకెళ్లాను. మొదటిరోజు యాభై గజాల దూరంలో, వినీ వినపడనంతగా పెట్టాం. చెవులు నిక్కాయి, అంతే. మూడోరోజు ముప్పై గజాలు. తాత గుప్పెడు ఉలవలు దాని మూతికి పట్టాడు, ఒక కన్ను నా ఫోను కేసి ఉంచి తిన్నది. ఐదోరోజు నేను అత్యుత్సాహంతో ఒక్కసారి శబ్దం పెంచాను. గెంతి నాలుగడుగులు పోయింది. తాత నా కేసి చూసిన చూపు రాయడానికి ఈ సంచికలో చోటు చాలదు. మళ్లీ యాభై గజాలనుంచి మొదలుపెట్టాం. సెలవులు అయిపోయి నేను వచ్చేసేనాటికి ఇరవై గజాల దాకా వచ్చింది. ఫోను తాత మనవడికి ఇచ్చి, ఎలా పెట్టాలో చూపించి వచ్చాను.